టాలీ గుమాస్తా గీసిన రెండు వంశవృక్షాలు

అది మొదలైంది జూలై ఆరో తారీఖు, బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. నేనప్పుడు పాతూర్లో జనన మరణాల రిజిస్టర్ల గుమాస్తాను. వరసలో ఆయన అయిదోవాడు. తన వంతు రాగానే చెవి మీదున్న పెన్సిలు తీసి చేతిలో పట్టుకుని, కౌంటరు కిటికీలోకి వంగాడు.

"పేరు పెట్టకముందే పోయినోళ్ళకి కూడా కాయితం ఇత్తారా అమ్మా?"

"నమోదై ఉంటే ఇస్తాం. ఎవరికి?"

"నా కూతురి పిల్లలకి. ఇద్దరు."

"దేనికి కావాలి?"

"పటంలో రాసుకోడానికి."

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ కుర్చీలో కూర్చున్నాను. చావు కాగితం కోసం వచ్చినవాళ్ళు చెప్పే కారణాలన్నీ నాకు తెలుసు. ఇది వాటిలో లేదు. ఏ పటం అని అడిగాను.

"డెన్మార్కు రాజులు రాసుకున్నారమ్మా. పుట్టిన పూటే పోయిన పిల్లకి కూడా తారీకు ఉన్నాది ఆళ్ళ పుస్తకంలో. మన పిల్లలకి నేకపోతే ఎలగ?"

వెనకాల ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. రిజిస్టరు తీశాను. ఇద్దరూ ఉన్నారు. ఒకరు పోయింది ఆరు నెలలకి, ఒకరు ఏడు నెలలకి. పేరు గడిలో 'పెట్టలేదు' అని నా చేతిరాతే ఉంది.

ఆయన పోయి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. పోర్టులో ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట, నాలుగు మంచి మాటలు రాయమని నన్ను అడిగారు. మంచి మాటలు ముందు రాస్తాను, అవి నిజం కనుక. తర్వాత రాసేవీ నిజమే. వేసుకోవడం, మానుకోవడం వాళ్ళ ఇష్టం.

ఆయన జాలరివాడు. తండ్రితాతలు పడవ మీద బతికారు, ఆయన పదో తరగతి గట్టెక్కి జెట్టీ మీద టాలీ గుమాస్తా అయ్యాడు. ఓడలోంచి దిగే బస్తాలను లెక్కపెట్టి గీతలు గీయడం ఆ పని. నాలుగు నిలువు గీతలు, అయిదోది వాటి మీద అడ్డంగా. ఆ అలవాటు ఒంట్లోకి ఎక్కిపోయింది. మా ఇంట్లో జంతికలు పెడితే అయిదు తిని ఆగేవాడు. ఆరోది పెట్టబోతే, "కొత్త కట్ట మొదలెట్టమంటారేటి?" అనేవాడు. నేల మీద గొంతుకూర్చునేవాడు, కుర్చీ వేస్తే దాని మీద కూడా గొంతుకూర్చునేవాడు. లెక్క తప్పని మనిషి అంటే నాకు గౌరవం. ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు. నా కోపం అంతా అక్కడే ఉంది.

డెన్మార్కు రాజుల పుస్తకం ఒక ఓడ నుంచి దొరికింది. చేతులు మారుతున్న ఓడ అది. ముసలి వంటవాడు గది ఖాళీ చేస్తూ పుస్తకాల పెట్టె ఒకటి పారెయ్యమని జెట్టీ మీద పెట్టాడు. మిగతావి చెమ్మకి పోయాయి. ఒక్కటి నిలిచింది. ఎర్ర అట్ట, ఇటుకంత మందం, ఇంగ్లీషు. డెన్మార్కు రాజులు, వాళ్ళ దాయాదులైన డ్యూకులు, ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరిని ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు పోయారు. కథ లేదు, బొమ్మల్లేవు. పేర్లు, తారీఖులు మాత్రమే. ఓడ సరుకు జాబితాలు చదివిన ఇంగ్లీషుతోనే దాన్ని చదివాడు. చదివి, పాత క్యాలెండరు కాగితాల వెనక వంశవృక్షం గీయడం మొదలుపెట్టాడు. కాగితానికి కాగితం గంజితో అతికిస్తూ పోతే అది మా వరండా దాటింది. చుట్టచుట్టి ఒక పీవీసీ గొట్టంలో పెట్టి భుజాన వేసుకుని తిరిగేవాడు.

జెట్టీ మీద ఆయన్ని డ్యూకు బావ అనేవాళ్ళు.

"డ్యూకు బావా, రష్యా నుంచి మీ వియ్యంకుడు ఉత్తరం రాసినాడేటి?"

"రాసినాడ్రా. నీకు మాత్రం పిల్లనివ్వొద్దన్నాడు."

నేను రిటైరయ్యాక నెలకి రెండు ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు, తారీఖులు సరిచూడమని. నాకు భర్త లేడు, పిల్లల్లేరు. పాతూర్లో కిటికీ తెరిస్తే పోర్టు బొగ్గు పొడి వస్తుంది కనుక తలుపులేసుకుని లెక్కలు చూసుకునేవాళ్ళం. ఆ ఆదివారాలు నాకు ఇష్టం. అది కూడా రాయాలి.

వాళ్ళందరినీ పక్కింటివాళ్ళలా మాట్లాడేవాడు.

"తాత క్రిస్టియను, కొడుకు ఫ్రెడరిక్కు, మనవడు మళ్ళీ క్రిస్టియను. మనోళ్ళే అమ్మా. మా ఇంట్లోనూ అంతే. అప్పలసామి, నర్సింహులు, మళ్ళీ అప్పలసామి."

ఇంకోసారి ఒక డ్యూకు మీద మండిపడ్డాడు. "పదమూడేళ్ళ గుంటని ఓడెక్కించి పంపీసినాడమ్మా మాఘమాసంలో. అక్కడ సముద్రం గడ్డకట్టీసి ఉంటాది. అలాటప్పుడు మావోడు వేటకి కూడా ఎల్లడు. పెళ్ళికి పంపుతాడేటి ఎవుడైనా?"

ఒక దంపతులకి పెద్దకొడుకు పెళ్ళయిన ఏడో నెలలో పుట్టాడని నేను పట్టుకున్నాను. ఆయన వాళ్ళని వెనకేసుకొచ్చాడు. "ఆళ్ళు పాత క్యాలెండరు వాడీవోరమ్మా అప్పట్లో. పది రోజులు తేడా."

"పది రోజులు కలిపినా ఏడు తొమ్మిది అవదు."

వేళ్ళ మీద లెక్కపెట్టి, "అయితే లెక్క తేలినట్టే," అని నవ్వాడు. ఏ తగువైనా ఆ మాటతోనే ముగించేవాడు.

మగవాళ్ళని నల్ల సిరాతో రాసేవాడు, ఆడవాళ్ళని ఎర్ర సిరాతో. పుస్తకంలో లేనిది ఎందుకు పెట్టారని అడిగాను. అప్పుడు ఆయన చెప్పిన మాట మరెవరు చెప్పగానూ నేను వినలేదు.

"మనవేటి సూత్తాం అమ్మా? ఇంటిపేరు. ఇంటిపేరు ఒకటైతే అన్నాసెల్లెల్లు, వేరైతే పెళ్ళి. ఇంటిపేరు తండ్రిది. మరి తల్లి రత్తం ఏటైపోనాది? ఆడదానికి పెళ్ళయ్యేసరికి ఇంటిపేరు మారిపోద్ది, మన లెక్కలోంచి మాయమైపోద్ది. ఎర్ర సిరాతో రాసి సూడండి. నాలుగు ఇంటిపేర్లున్న సోట ఒక్కతే ముసల్ది కనపడతాది."

నిజంగానే కనపడింది. ఆ డ్యూకుల్లో ఒక శాఖ ఉంది. అన్న మనవరాలిని తమ్ముడి మనవడికి, మళ్ళీ వాళ్ళ కూతుర్ని అటువైపు మేనమామ కొడుక్కి. ఎర్ర గీతలన్నీ తిరిగి తిరిగి ఒక్క ముసలి డచెస్ దగ్గరకే పోయాయి. కింద పిల్లల గళ్ళలో పుట్టిన ఏడాది, పోయిన ఏడాది ఒక్కటే. చివర్న ఒక్క కొడుకు, పెళ్ళి లేదు, ఆ శాఖ అక్కడితో ఆగిపోయింది.

"ఎవులూ సెప్పనేదేటమ్మా ఆళ్ళకి?" అన్నాడు ఆ రోజు. వేలు ఆ చివరి గడి మీద పెట్టి, నిజంగా బాధపడుతూ అన్నాడు.

కౌంటరు దగ్గర చెప్పిన తన ఇంటి పటం ఆ తర్వాతే నిజంగా మొదలుపెట్టాడు. ఆయన అక్క కూతురినే చేసుకున్నాడు. పెద్ద కూతురిని భార్య తమ్ముడికి ఇచ్చాడు. అంటే అక్కడా మేనమామే. మా పొలాల ఊళ్ళలోనూ మేనరికాలు ఉన్నాయి. మా అమ్మదీ మేనరికమే, మేం ఆరుగురం పుట్టి ఆరుగురం బతికాం. ఒక మేనరికం వల్ల చెడు జరిగి తీరుతుందని నేను అనను. ఒకే ఇంట్లో తరం మీద తరం తిరిగితే, ఆ ఇంట్లో ఒక జబ్బు కూడా తిరుగుతూ ఉంటే, అది వేరే లెక్క.

పాత తరాల పసిపిల్లల చావులు రిజిస్టర్లలో లేవు. ఇంట్లో పుట్టి ఇంట్లో పోయినవాళ్ళు. ఆయన పటంలో ఆ గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. దారి నేనే చూపించాను. "పెంటమ్మ, పెంటయ్య అనే పేర్లు ఎక్కడున్నాయో చూడండి" అన్నాను. పిల్లలు వరసగా పోతుంటే తర్వాత పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పెట్టి తీసి, చావు కూడా ముట్టుకోదులే అని ఆ పేరు పెట్టడం మా వైపు ఆచారం. ముప్పై ఏళ్ళు ఆ పేర్లు రాసినదాన్ని. పెంటమ్మ ఉందంటే ఆమెకి ముందు కనీసం ఒక ఖాళీ ఉన్నట్టే.

ఆయన పటం మీద వంగాడు. ఒక పెంటయ్య. ఆయన ముత్తాత తమ్ముడు. ఒక పెంటమ్మ. ఇంకో పెంటమ్మ. ప్రతి పేరుకీ పక్కన ఒక సున్నా చుట్టుకుంటూ వచ్చాడు. ఆరు తరాల్లో ఏడు సున్నాలు. ఎర్ర గీతలు పట్టుకుని పైకి వెళ్తే ఏడింట్లో ఆరు ఒకే ఆడమనిషి కిందివి, ఆయన నాయనమ్మ తల్లి. ఆఖరి సున్నా ఆయన మనవరాలిది. బళ్ళో ఆ పిల్లకి మంచి పేరే ఉంది, ఇంట్లో మాత్రం పెంటి. ఆయన నా కౌంటరుకి వచ్చి ఎవరి కాగితాలు అడిగాడో, ఆ ఇద్దరు పిల్లల తర్వాత పుట్టి బతికినది.

నేను నోటితో అడిగి ఒక్కొక్కటీ రాయించాను. ఎన్ని నెలలకి పోయారు, ఎలా పోయారు. ఇంట్లో ముసలివాళ్ళు చెప్పుకున్నదంతా ఆయనకి తెలుసు. అందరిదీ ఒక్కటే కథ. నాలుగో నెల దాకా బాగుంటారు, తర్వాత మెడ నిలబడదు, పాలు మింగలేరు, ఏడాది నిండదు.

ఆ రోజు ఆయన "లెక్క తేలినట్టే" అనలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, చుట్ట చుట్టి, గొట్టంలో పెట్టి వెళ్ళిపోయాడు. జంతికలు రెండే తిన్నాడు.

తర్వాత మూడేళ్ళకి, ఏప్రిల్లో ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి శుభలేఖ తెచ్చి నా చేతిలో పెట్టాడు. చిన్న కొడుకు పెళ్ళి. వధువు పేరు చదివాను. పెంటి బడి పేరు అది. సొంత మేనమామకి ఇస్తున్నారు. పెళ్ళి ఇంకా ఇరవై మూడు రోజులుంది.

"పటం చూపించారా?" అని అడిగాను.

"ఎవులికి?"

"ఆ పిల్లకి. మీ అబ్బాయికి. మీ ఆవిడకి. ఎవరికైనా."

"నా పెళ్ళాం వాళ్ళమ్మ కాళ్ళు, అదే మా అక్క కాళ్ళు, పట్టుకుని మాటిచ్చీసింది అమ్మా. ఇప్పుడు నాను ఏటి సెప్పినా అది ఇంట్లో నిప్పెట్టీద్ది. మీ కాయితాల పిచ్చిలో నా కొడుక్కి పిల్ల నేకుండా సేత్తన్నారా అంటాది."

"ఆ డ్యూకులకి ఎవరూ చెప్పలేదా అని అడిగింది ఎవరు? మూడొందల ఏళ్ళ కింద పోయినవాళ్ళకి బాధపడ్డారు కదా మీరు."

"డ్యూకులు నా ఇంటికి తగువుకి రారమ్మా," అన్నాడు.

చాలాకాలం ఆ మాటకి నాలో నేనే నవ్వుకునేదాన్ని, అంత తేలిగ్గా, అంత బాగా అన్నాడు కనుక. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు. వాళ్ళ గురించి అన్నీ మాట్లాడగలిగింది వాళ్ళు తిరిగి మాట్లాడరు కనుక. పదమూడేళ్ళ డ్యూకు కూతురు మీద జాలిపడినవాడికి ఇరవై ఒక్క ఏళ్ళ సొంత మనవరాలు కనపడలేదు. ఆ పిల్ల చదువుకోనిది కాదు. డిగ్రీ చేసి, తగరపువలస దగ్గర మందుల కంపెనీకి రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. అక్కడ పని శాంపిళ్ళ రిపోర్టులు రాయడం.

"చెప్పి చూడు. మాను అని చెప్పొద్దు. చూపించు చాలు. పెద్దాసుపత్రిలో పరీక్షలున్నాయి, చేయించుకుంటారు. తర్వాత వాళ్ళ ఇష్టం," అన్నాను. అప్పటిదాకా మీరు అన్నదాన్ని ఆ రోజు నువ్వు అన్నాను. ఆయన గమనించాడు.

"సెప్తాను," అన్నాడు.

చెప్పలేదు. పెళ్ళికి ముందు కారణం, మాటిచ్చేశారు. పెళ్ళయ్యాక కారణం, కొత్త పెళ్ళికూతురు. కడుపుతో ఉన్నప్పుడు, దిష్టి. మొదటి పిల్ల పుట్టాక, ఆడపిల్ల, లక్ష్మిలా ఉంది, ఈ పిల్లకి ఏమీ కాదు. ఆ పసిదానికి అయిదో నెల రాగానే మా మెట్ల మీద వచ్చి కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మెడ నిలబెట్టడం నేదమ్మా."

"ఇప్పుడైనా చెప్పు."

"పాలిచ్చీ తల్లికి ఏటని సెప్పమంటారు?"

ఆ పసిది పోయింది. నెల తిరక్కుండా మళ్ళీ అడిగాను, రెండోది రాకముందే చెప్పమని. "దుఃఖంలో ఉన్నాదమ్మా" అన్నాడు. రెండోది మగపిల్లాడు. అప్పుడు నేను అడగలేదు, ఆయన వస్తే తలుపు తీయలేదు. ఆదివారాలు రెండూ ఆగిపోయాయి.

నా తప్పు కూడా ఇక్కడే రాస్తాను. పెళ్ళికి ముందు ఆ పిల్ల తల్లి దగ్గర ఉండేది, తగరపువలస దాటాక సముద్రం ఒడ్డున ఊరు. తగరపువలస బస్సు మా వీధి చివరే ఆగుతుంది. ఇరవై మూడు రోజుల్లో ఒక్కరోజు కూడా ఎక్కలేదు. వాళ్ళ ఇంటి సంగతి, చెప్పాల్సింది ఆయన అని కూర్చున్నాను. ఆయనది పిరికితనం అయితే నాది మర్యాద. ఆ పిల్లకి రెండింటికీ తేడా లేదు.

సంస్మరణ సభకి వెళ్ళాను. దండ వేసిన ఫోటో. మాట్లాడినవాళ్ళంతా ఒక్కటే అన్నారు, ఎంత జ్ఞాపకశక్తి, ఎంత జ్ఞానం, ఎక్కడో ఉత్తరాన రాజుల వంశాలన్నీ నోటికి వచ్చునని. చప్పట్లు కొట్టారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సభ అయిన నాలుగో రోజు ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది, భుజాన గొట్టంతో. నేను ఆమెను దగ్గరగా చూడడం అదే మొదలు. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. చెప్పులు గుమ్మం బయట జతగా సర్ది పెట్టింది.

"అమ్మా, తాత ఈ పటం మీ ఇంటికాడే రాసీవోడని మా అమ్మమ్మ సెప్పింది. ఇందులో కొన్ని నాకు తెలీనేదు. ఈ సున్నాలేటి?"

నేను చెప్పాను. ఒక్కొక్కటీ. ఆమె గుమ్మంలో నిలబడే విన్నది. తర్వాత నేల మీద కూర్చుని రెండు పటాలూ పరిచింది. డ్యూకులది పెద్దది, వాళ్ళది చిన్నది. వేలితో ఎర్ర గీత పట్టుకుని పైదాకా వెళ్ళింది, కిందకి వచ్చింది. ఎవరూ నేర్పకుండానే సరిగ్గా చదివింది.

అన్నిటికీ కింద, ఆమె పేరుకి దిగువన, రెండు గళ్ళు ఉన్నాయి. అవి నేను చూడనివి. ఆమె ఇద్దరు పిల్లలు. పుట్టిన తారీఖు, గంట. పోయిన తారీఖు, గంట. ఒక్క కొట్టివేత లేదు. ఆయన చేతిరాతలో అంత అందమైనది ఆ పటంలో మరొకటి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు చెప్పాల్సిన నోరు మూసుకుని, తర్వాత రాయాల్సిన చెయ్యి మాత్రం అంత శ్రద్ధగా పనిచేసింది.

"ఇది ఎప్పుడు గీసినాడు?" అని అడిగింది.

"మీ పిల్లల గళ్ళు కాక మిగతాదంతా నీ పెళ్ళికి మూడేళ్ళ ముందు."

"అంటే తెలుసు."

"తెలుసు. నాకూ తెలుసు."

ఆమె నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మావయ్య మంచోడేనమ్మా," అంది భర్త గురించి. "నాకు ఇష్టం నేకుండా సేసుకోనేదు. ఇది సూపించుంటే బహుశా అప్పుడూ ఆడినే సేసుకుందును. సేసుకుని, పిల్లలొద్దనుకుందును. నేకపోతే ముందే పరీచ్చ సేయించుకుందును. ఏదో ఒకటి నాను సేద్దును. రోజూ రిపోర్టులు సదివీదాన్ని కదా అమ్మా. ఎవులెవులికో సూపించినాడు, జెట్టీ మీద టీ కొట్టోడికి కూడా తెలుసు డ్యూకుల పటం. సదవడం వొచ్చినదాన్ని ఇంట్లో నానే. నాకే సూపించనేదు."

"నీ భర్తకి చెప్పావా?"

"సెప్పీసినాను. బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేనన్నాడు."

కిటికీలోంచి చూశాను. ఎదురింటి నీడలో ఒక యువకుడు రోడ్డు వంక చూస్తూ నిలబడి ఉన్నాడు.

డ్యూకుల పటం నాకే వదిలేసింది. రెండోది చుట్టి గొట్టంలో పెట్టుకుంది. తన పిన్ని పిల్లలు ముగ్గురు పెళ్ళీడుకొచ్చారట, వాళ్ళకి చూపించాలంది. సాయంత్రం అయిదుంపావు బస్సుకి వెళ్ళిపోయారు.

సంస్మరణ పుస్తకం వేసేవాళ్ళు అడిగిన నాలుగు మాటలు పైన ఉన్నాయి. మిగతాది లెక్క, ఇంతే.

ఆ ఇంట్లో ఆరు తరాల్లో, పేర్లను బట్టి తెలిసినంతవరకు, ఏడు చోట్ల పిల్లలు పోయారు. ఎంతమందో సరిగ్గా ఎవరికీ తెలియదు. వాళ్ళు పోతారని ముందు ఎవరికీ తెలియదు, కనుక వాళ్ళని ఎవరి ఖాతాలోనూ వేయను.

పెళ్ళి తర్వాత పోయినవాళ్ళు: ఒక ఆడపిల్ల, పదకొండు నెలల నాలుగు రోజులు. ఒక మగపిల్లాడు, తొమ్మిది నెలల పంతొమ్మిది రోజులు.

ఒక ఉద్యోగం, మొదటి కాన్పుకి మానేసినది, మళ్ళీ రాలేదు.

ఒక అమ్మాయి తన గురించి తాను నిర్ణయించుకోవడానికి ఉన్న రోజులు: ఇరవై మూడు.

తెలిసినవాళ్ళు: ఇద్దరు. చెప్పినవాళ్ళు: లేరు.